సెకండ్ లెఫ్ట్ తీసుకుంటే మా ఇల్లు

మొన్న ఒక పెళ్ళికని మా అబ్బాయి కారులో కరీంనగర్ నుంచి శ్రీరాంపూర్ వెళ్ళాం. దారి పొడవునా వాడి ఫోనులోంచి ఒకావిడ ఇంగ్లీషులో మాట్లాడుతూనే ఉంది. గో స్ట్రెయిట్ అంటుంది. కీప్ లెఫ్ట్ అంటుంది. కాసేపు ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎక్కడో మలుపు కనబడగానే టర్న్ రైట్ అంటుంది. నస్పూర్ దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు పుట్టింది. పుట్టిన నవ్వు ఆగలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. మా అబ్బాయి కంగారుపడి కారు పక్కకు ఆపి, "ఏమైందే అమ్మా, నీళ్ళు తాగుతవా" అన్నాడు. ఏమని చెప్పను? ఆ ఫోనులో ఆవిడకు మా అవ్వ, అంటే మా అమ్మ, గనక ఎదురుపడి ఉంటే, "ఏ ఊరు బిడ్డా నీది, ఎప్పుడనంగ తిన్నవో ఏమో, జర ఆ ఫోన్లకెళ్ళి బయటికి రా, నేనే తోలుకపోత" అని చెయ్యి పట్టుకుని బయటికి లాగేది. అది తలచుకునే నవ్వాను. వాడికి చెప్తే వాడూ నవ్వాడు గానీ, సగమే నవ్వాడు. మిగతా సగం అర్థం కావాలంటే నేను పెరిగిన కాలనీలో పుట్టి ఉండాలి.

మా బాపు బొగ్గుబావిలో పని చేసేవాడు. మాకు ఇచ్చిన క్వార్టరు నస్పూర్ పక్కన ఒక పెద్ద కాలనీలో ఉండేది. వరసలు వరసలుగా ఒకే రకం ఇళ్ళు. ఒకే సున్నం, ఒకే ఆకుపచ్చ తలుపు, ఒకే అరుగు, అరుగు మీద ఒకే రకం బొగ్గుల కుంపటి. పొద్దున్నే అన్ని ఇళ్ళ ముందూ కుంపట్లు రాజేస్తే కాలనీ మొత్తం తెల్లటి పొగలో మునిగిపోయేది. ఆ పొగ వాసన, బాపు డ్యూటీ బట్టలు ఉడకబెట్టే సబ్బు వాసన, పక్కింటి నర్సక్క పోపులో వేసే ఎల్లిపాయ వాసన, నాకు ఇప్పటికీ తెల్లవారడం అంటే ఈ మూడూ కలిసిన వాసనే. బాపు కూడా కొత్తలో ఒకసారి డ్యూటీ దిగి వచ్చి మా ఇల్లనుకుని పక్క వరసలో ఎవరింట్లోనో కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడట. ఆ ఇల్లాలు కూడా ఏమీ అనకుండా అన్నం పెట్టిందట. తింటూ తింటూ కూరలో ఉప్పు సరిగ్గా ఉందేమిటా అని అనుమానం వచ్చి తల ఎత్తి చూశాడట. ఈ కథ చెప్పిన ప్రతిసారీ అవ్వ బాపు మీదికి గరిటె విసిరేది.

అట్లాంటి చోట ఇళ్ళకు నంబర్లు ఉండేవి గానీ ఎవరికీ గుర్తుండేవి కాదు. అసలు మా కాలనీలో దారి చెప్పడం అనే పద్ధతే లేదు. ఎవరైనా వచ్చి ఫలానా వాళ్ళ ఇల్లు ఎక్కడ అని అడిగితే, చేతిలో ఉన్న పని అక్కడ పెట్టి, చెప్పులు వేసుకుని, ఆ ఇంటి గడప దాకా తీసుకుపోవాలి. వేలు చూపించి అటు పో, ఇటు పో అనడం అంటే మనిషిని తరిమెయ్యడమే. అవ్వ అయితే తీసుకుపోయే ముందు చాయ్ కూడా తాగించేది. చాయ్ తాగుతుండగా వాళ్ళ ఊరు, వాళ్ళ అమ్మగారి ఊరు అడిగేది. ఎవరింటికో పోవాల్సిన వాళ్ళు మా అరుగు మీదే పొద్దుగూకేదాకా కూర్చుండిపోయిన రోజులున్నాయి. ఇంట్లో వాళ్ళకు వాళ్ళకు కూడా కుడి ఎడమల మాట లేదు. మెట్‌పల్లి దగ్గర పల్లెలో పుట్టి, జీవితమంతా నాగలి దున్ని, ముసలితనంలో మా దగ్గరికి వచ్చిన తాత మాత్రం అన్నిటికీ ఎద్దుల లెక్కే చెప్పేవాడు. ఎడమ పక్క కట్టే ఎద్దు దాపటిది, కుడి పక్క ఎద్దు ఎలపటిది. "ఆ చెంబు దాపటికి పెట్టినవేందే, ఎలపటికి పెట్టు" అనేవాడు. మేమంతా ఆయన మంచానికి కట్టిన ఎద్దుల్లాగే అటూ ఇటూ తిరిగేవాళ్ళం.

ఇంటర్ పాసయ్యాక నా చదువు దగ్గర బండి ఆగింది. నాకు డిగ్రీ చదవాలని పిచ్చి కోరిక. బాపుకు ఇష్టం లేక కాదు, ఒక్కడి కష్టం మీద ఇల్లు నడుస్తోంది. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, చెవుల వెనక బొగ్గు కడుక్కుంటూ తేల్చి చెప్పాడు. "బిడ్డా, ఏదన్న నౌకరి దొరికితే చేసుకుంట సదువు. నేనద్దనను. లేకుంటే మెట్‌పల్లి పోయి మీ మేనత్త దగ్గర కూసో." మేనత్త దగ్గర కూర్చోవడం అంటే బీడీలు చుట్టడం. అత్త మంచిదే, నా మీద ప్రాణం పెట్టేది. కానీ తునికాకు వాసన మధ్య చాట ఒళ్ళో పెట్టుకుని పొద్దంతా తల వంచుకుని కూర్చునే ఆ వసారాను తలచుకుంటేనే నాకు మెడ నొప్పి పుట్టేది. సరిగ్గా అప్పుడే మా పక్కన కొత్తగా ఇంగ్లీషు మీడియం బడి పెడుతున్నారనీ, చిన్నపిల్లలకు టీచరమ్మ కావాలనీ, ఇంగ్లీషు మాట్లాడడం వస్తే చాలనీ తెలిసింది. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం వచ్చు. నోరు తెరవడమే రాదు.

అందుకని ఖమర్ టీచర్ దగ్గర చేరాను. వాళ్ళ ఇంటాయనకు మంచిర్యాలలో గాజుల దుకాణం. ఈవిడ ఇంటి ముందుగదిలో చాప పరిచి ఆడపిల్లలకు ఇంగ్లీషు నేర్పేది. తెలుగూ ఉర్దూ కలిపి గబగబా మాట్లాడేది, ఆ రెండిటి మధ్యలో ఇంగ్లీషు బాణంలా దూసుకొచ్చేది. ఆవిడకు ఒక సిద్ధాంతం ఉండేది. ఇంగ్లీషు మాటలు ఒంటరిగా బతకవు, జంటలు కట్టుకుని ఉంటాయి, జంటను విడదీస్తే పాపం తగులుతుంది అని. "దేఖో విమలా, తొవ్వ తప్పితే ఇంగ్లీషోడు ఏమంటడు? లూజ్ యువర్ వే. అంటే జేబుల పెట్టుకున్నట్టు పెట్టుకుని పారేసుకుంటడు. మల్ల దొరికిచ్చుకుంటడు, ఫైండ్ యువర్ వే. మనమైతే తొవ్వను అడుగుతమా? మనిషిని అడుగుతం. ఆడు తొవ్వనే అడుగుతడు, ఆస్క్ ది వే. గది ఆని మర్జీ, మనకేం ఫికర్? జంటను జంటగ పట్టుకో, బస్." మలుపును ఇంగ్లీషువాళ్ళు తిరగరు, తీసుకుంటారు. టేక్ ది సెకండ్ లెఫ్ట్. తీసుకుని ఏం చేసుకుంటారో ఆ దేవుడికే తెలియాలి అనుకునేదాన్ని. కానీ చాప మీద కూర్చుని అందరం కలిసి గొంతెత్తి చదువుతుంటే భలే హుషారుగా ఉండేది. క్రాస్ ది రోడ్. గో పాస్ట్ ది బ్యాంక్. కీప్ గోయింగ్. ఉద్యోగానికి పెట్టే పరీక్షలో దారి చెప్పమనే అడుగుతారు, ఎక్కడైనా అదే అడుగుతారు అని టీచర్ గట్టి నమ్మకం.

ఇక ఆ మాటలు మా ఇంట్లో జొరబడ్డాయి. నేను బిందె ఎత్తుకుని నడుస్తూ గో స్ట్రెయిట్ అనేదాన్ని, వంటింటి గుమ్మం దగ్గర టర్న్ లెఫ్ట్ అనేదాన్ని. మొదట అవ్వ నాకు గాలి సోకిందనుకుంది. తర్వాత తనకే అలవాటైంది. కారం డబ్బా కావాలంటే "గో ఇస్ట్రేటు, ఉట్టి కింద టర్నింగు" అనేది. బాపు పొరపాటున కల్లు కాంపౌండు వైపు రెండడుగులు వేస్తే వెనక నుంచి "గో బ్యాకు" అని కేక వినిపించేది. నర్సక్క వాళ్ళ బర్రెను కూడా ఇంగ్లీషులోనే తోలేది. బర్రెకు బాగానే అర్థమయ్యేది. తాత ఒక్కడే లొంగలేదు. నేను లెఫ్ట్ అన్నప్పుడల్లా, "దాపటికి అనరాదే, నోరు నొస్తదా" అనేవాడు. కొన్నాళ్ళకు ఆయన కూడా రాజీకొచ్చి, తుమ్మకర్రతో నేల కొడుతూ "దాపటి లెఫ్టు, ఎలపటి రైటు" అని నాతో వల్లె వేయించేవాడు. నిజం చెప్పాలంటే నాకు ఏది లెఫ్టో ఏది రైటో తడుముకోకుండా చెప్పడం వచ్చింది ఆ ముసలాయన ఎద్దుల వల్లే. ఆ నెలల్లో మేం నవ్వినంతగా మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదేమో.

బడికి తీసుకున్న ఇంటికి ఇంకా సున్నాలు వేస్తున్నారు కాబట్టి, ప్రిన్సిపాల్ మేడం కరీంనగర్ నుంచి వచ్చి అభ్యర్థుల ఇళ్ళకే వెళ్ళి చూస్తానని కబురు పెట్టింది. మంచిర్యాలలో కాన్వెంటులో చదివిన అమ్మాయి ఒకతి కూడా పోటీలో ఉందని తెలిసి నాకు రెండు రోజులు అన్నం దిగలేదు. ఆ పొద్దున బాపు మొదటి షిఫ్టుకు పోతూ, "భయపడకు బిడ్డా, బావిలకు దిగేటప్పుడు నేను గూడ రోజు భయపడ్త" అని చెప్పి పోయాడు. ఖమర్ టీచర్ మేడంను బస్సు దగ్గరి నుంచి మా ఇంటిదాకా తీసుకొచ్చి దిగబెట్టి, క్లాసు ఉందని వెళ్ళిపోయింది. మేడం గంజి పెట్టిన నేత చీర కట్టుకుంది, కళ్ళద్దాలు పెట్టుకుంది. తోలు సంచి మంచం మీద పెట్టి కూర్చుని, ఇకనుంచి ఇంగ్లీషు తప్ప మరో మాట మాట్లాడనని ఇంగ్లీషులోనే చెప్పింది. పేరు అడిగింది, ఊరు అడిగింది. నా గొంతులోంచి ఏదో వస్తోంది గానీ అది నాకే వినబడడం లేదు. అప్పుడు ఆవిడ లేచి నిలబడి, నాటకంలో వేషం కట్టినట్టు ముఖం పెట్టి, నేను ఈ ఊరికి కొత్త, నాకు చాలా తొందరగా ఉంది, బస్‌స్టాప్‌కు ఎలా వెళ్ళాలి అని ఇంగ్లీషులో అడిగింది.

నేను నోరు తెరిచే లోపల వంటింటి గుమ్మంలోంచి అవ్వ వచ్చింది. ఇంగ్లీషు రాకపోయినా బస్‌స్టాప్ అన్న మాటా, ఆ తొందరా ఆమెకు చక్కగా అర్థమయ్యాయి. "ఏందమ్మా, అప్పుడే పోతవా? పొయ్యి మీద కూరున్నది, ఇంత తినిపో" అంది. మేడం చిరునవ్వు నవ్వి, నా వైపే చూస్తూ, తనకు చాలా తొందరగా ఉందని మళ్ళీ ఇంగ్లీషులోనే అంది. అవ్వ ముఖం మారిపోయింది. పాపం వాళ్ళింట్లో ఎవరికో బాగాలేదు, అందుకే కూర్చోలేకపోతోంది అనుకుంది. క్షణంలో సకినాలు గుడ్డలో మూటకట్టింది, చెప్పులేసుకుంది, గోడ మీదుగా నర్సక్కను కేకేసింది. తాత కర్ర అందుకున్నాడు. అవ్వ మేడం చెయ్యి పట్టుకుని, "దా బిడ్డా, ఫికర్ జేయకు" అంటూ బయటికి నడిపించింది.

నేను అప్పుడైనా ఆపి ఉండాల్సింది అంటారు. కానీ మేడం నా వైపు చూసి కనుబొమలెగరేసింది. కానివ్వు, చూద్దాం అన్నట్టు. ఇదే పరీక్ష కాబోలు, నడుస్తూ చెప్పాలి కాబోలు అనుకున్నాను. గో స్ట్రెయిట్, మేడం అన్నాను. ఆవిడ తిన్నగా నడిచింది. అవ్వ చేతిలో ఉంది కాబట్టి ఎలాగూ తిన్నగానే నడవాలి. చేతిపంపు దాటాం. టర్న్ రైట్ అన్నాను. ముందు నడుస్తున్న తాత కర్ర ఎత్తి, "ఎలపటికి" అని అరిచాడు. దారిలో ప్రతి అరుగు మీది నుంచీ ఎవరో ఒకరు "ఎవరొదినా వచ్చింది" అని అడగడం, "మా విమల మేడం, పాపం జల్ది పోవాల్నట" అని అవ్వ చెప్పడం, వాళ్ళూ చెప్పులేసుకుని వెంట రావడం. మెయిన్ రోడ్డు ఎక్కేసరికి మా వెనక పెళ్ళివారంత గుంపు తయారైంది. నేను మాత్రం గొంతు చించుకుని నేర్చుకున్న జంటలన్నీ వాడేస్తున్నాను. గో పాస్ట్ ది వాటర్ ట్యాంక్. టర్న్ లెఫ్ట్ ఎట్ ది మెయిన్ రోడ్. కీప్ గోయింగ్. మేడం కళ్ళద్దాల వెనక కళ్ళలో నీళ్ళు. నవ్వు ఆపుకోవడం వల్ల వచ్చిన నీళ్ళని నాకు అప్పుడు తెలియదు.

స్టాపు దగ్గరికి చేరామో లేదో బస్సు వచ్చి ఆగింది. మేడం అప్పుడు ఒట్టు గట్టున పెట్టి తెలుగులో, "అయ్యో, నేను ఇప్పుడే పోనమ్మా" అంది. ఆలస్యమైపోయింది. మా దగ్గర మొదటిసారి వద్దన్న మాటను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది మొహమాటం. చాయ్ వద్దంటే పోస్తాం, కూర వద్దంటే వడ్డిస్తాం. "మా గురించి ఆలోచన చెయ్యకు, పో బిడ్డా పో" అని అవ్వ సకినాల మూట ఒళ్ళో కుక్కింది. నర్సక్క వెనక నుంచి నెట్టింది. లోపలి వాళ్ళు చెయ్యందించి లాగారు. కండక్టరు విజిల్ వేశాడు. ఆవిడ సంచి మా మంచం మీద ఉంది, నా ఉద్యోగం ఆవిడ నోట్లో ఉంది, ఆవిడేమో బస్సులో ఉంది.

బస్సు కదిలింది. నేను కిటికీ పట్టుకుని పరుగెత్తాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన ఇంగ్లీషు చాప మీద చదివినది కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చేసింది. గెట్ ఆఫ్ ఎట్ ది నెక్స్ట్ స్టాప్, మేడం. కమ్ బ్యాక్ ఎలాంగ్ ది మెయిన్ రోడ్. టర్న్ రైట్ ఎట్ ది వాటర్ ట్యాంక్. టేక్ ది సెకండ్ లెఫ్ట్. కీప్ గోయింగ్ అంటిల్ యూ సీ ఎ హ్యాండ్ పంప్. అవర్ హౌస్ ఈజ్ ఆపోజిట్ ది పంప్. చివరి మాట బస్సుకు వినబడిందో దుమ్ముకు వినబడిందో తెలియదు. ఆవిడ మొహం గుంపులో కనబడకుండా పోయింది.

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడి ఏడ్చాను. అవ్వకు అర్థం కాలేదు. "మంచిగ సాగదోలినం గదనే, ఎందుకేడుస్తవ్" అంది. ఆవిడ పోవాలనుకోలేదనీ, అది నాకు పెట్టిన పరీక్ష అనీ, ఇక నేను మెట్‌పల్లి పోయి బీడీలు చుట్టుకోవాల్సిందే అనీ ఎక్కిళ్ళ మధ్య చెప్పాను. అవ్వ చేతిలో చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆమె మొహం అంతగా వాడిపోవడం నేను అంతకు ముందు చూడలేదు. "నా నోట్ల మన్నువడ" అని, చెంబు కింద పెట్టి, చెప్పులు కూడా లేకుండా రోడ్డు వైపు పరుగు తీయబోయింది. అంతలో తాత, "ఆగు కోడలా, గదేంది" అన్నాడు.

వీధి ఆ చివర మేడం. ఒక్కతే వస్తోంది. ఒక చేత్తో సకినాల మూట, ఇంకో చెయ్యి గాలిలో లెఫ్టూ రైటూ రాసుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి. దారిలో ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు లేచి, "ఎవరింటికమ్మా, తోలుకపోత దా" అంటున్నారు, ఆవిడ వద్దు వద్దని చెయ్యి ఊపి తనలో తాను చదువుకుంటూ నడుస్తోంది. చేతిపంపు దగ్గర ఆగింది. అన్నీ ఒకే రకం తలుపులు. ఒకసారి అటు తిరిగింది, ఇటు తిరిగింది, పంపుకు ఎదురుగా ఉన్న తలుపు వైపు చూసింది, తిన్నగా మా అరుగు ఎక్కింది. మా ఇంటికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వచ్చిన మొట్టమొదటి కొత్త మనిషి ఆవిడే. చెమట తుడుచుకుని, ఈసారి తెలుగులోనే, "వచ్చే సోమవారం నుంచి రామ్మా. నువ్వు చెప్పిన దారి ఎక్కడా తప్పలేదు" అంది. తర్వాత అవ్వ వైపు తిరిగి, "ఇప్పుడు పెట్టమ్మా అన్నం, ఆకలైతున్నది" అని పీట లాక్కుంది.

నాకు గాలిలో తేలినట్టుంది. నర్సక్క నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. కానీ అవ్వ నన్ను వంటింట్లోకి లాగి, గొంతు తగ్గించి తిట్టింది. "గంత పెద్ద మనిషిని ఎండల ఒక్కదాన్నే నడిపిచ్చినవ్. ఎదురు వోవద్దా? నౌకరి దొరికితే మర్యాద మరుస్తరా?" షిఫ్టు దిగి వచ్చిన బాపు బొగ్గు మొహంతో గుమ్మంలో నిలబడి, ఇంట్లో ఎవరో కళ్ళద్దాలావిడ రెండోసారి పప్పు వడ్డించుకోవడం చూసి, ఈసారీ తప్పు ఇంటికొచ్చానేమో అనుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. సంగతి తెలిశాక తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "ఇగ డిగ్రీకి కట్టు బిడ్డా" అని ఒక్క మాట అన్నాడు. ఆ తువ్వాలు మామూలు కంటే ఎక్కువసేపు మొహం మీద ఉంచుకున్నాడు.

అన్నం తిని, సంచి తీసుకుని మేడం లేచింది. అవ్వ మళ్ళీ చెప్పులు వేసుకుంది. "అవ్వా, ఆమెకు తొవ్వ ఎరుకైంది, ఇగ నువ్వెందుకు" అన్నాను, కొత్త టీచరమ్మ హోదాలో. అవ్వ నా వైపు వింతగా చూసింది. "తొవ్వ ఎరుకే. పోయేటప్పుడు ఎనకకు మల్లి చూస్తే మనిషి కనవడాల్నా వద్దా" అంది. నేనూ చెప్పులేసుకున్నాను.

డిగ్రీ చదివాను, బీఈడీ చదివాను, ఎంతోమంది పిల్లలకు గో స్ట్రెయిట్, టర్న్ లెఫ్ట్ నేర్పాను. ఇప్పుడు వాళ్ళకు నా పాఠం అవసరం లేదు, ఫోనులో ఆవిడ చెప్తుంది. మా ఇంటికి వచ్చేవాళ్ళు లొకేషన్ పెట్టమంటారు, పెడతాను, తలుపు దగ్గరికి తప్పకుండా వచ్చేస్తారు. ఆ సుఖం నాకు బాగానే ఉంది, కాదనను. కానీ వెళ్ళేటప్పుడు మాత్రం నేను ఊరుకోను. మోకాళ్ళ నొప్పులతో లిఫ్టు దిగి గేటు దాకా వస్తాను. "మీరెందుకు మేడం, దారి తెలుసు కదా" అంటారు. మా కోడలు నవ్వుతుంది. కారు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడతాను. చాలామంది చూడరు, ఫోను చూసుకుంటుంటారు. ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు వెనక్కి తిరిగి చూస్తారు. వాళ్ళకు నేను కనబడతాను.